గుడిసె ఎవరు కట్టాలి

2002 వేసవి. మదనపల్లెలో టమోటా మార్కెట్ యార్డుకు పోయే దారిలో నాకొక టైలరింగ్ గది ఉండేది. వారమంతా రవికలు కుట్టేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆ గదిలో వేరే పని జరిగేది. చిన్నతనంలో ఇంటివాళ్ల చేతుల్లోనో తెలిసినవాళ్ల చేతుల్లోనో లైంగిక వేధింపులకు గురై, పెళ్లయి పిల్లలు పుట్టాక కూడా ఆ బరువు దిగని ఆడవాళ్లు కొందరు వచ్చి కూర్చునేవారు. దీన్ని సపోర్ట్ గ్రూప్ అంటారు. ఒకే రకం దెబ్బ తిన్నవాళ్లు ఒకరికొకరు తోడుగా మాట్లాడుకునే చోటన్నమాట. బెంగళూరు నుంచి వచ్చే ఒక సైకాలజిస్టు దగ్గర శిక్షణ తీసుకుని నేను వాలంటీరునయ్యాను. వచ్చేవాళ్లంతా కుట్టు నేర్చుకోవడానికి పోతున్నామని ఇంట్లో చెప్పేవారు. మాటలు వీధిలోకి వినపడకుండా ఎవరో ఒకరు ఊరికే మిషన్ తొక్కుతూ ఉండేవారు. ఆ రోజుల్లో నా దగ్గర కుట్టు నేర్చుకున్నవాళ్లకంటే సూదులు విరిచినవాళ్లే ఎక్కువ.

ఇక్కడ పేర్లు, గుర్తులు మార్చి రాస్తున్నాను.

రేణుక పుంగనూరు నుంచి బస్సులో వచ్చేది. ముప్పై దాటిన మనిషి. చాలాకాలం నోరు విప్పలేదు. వచ్చి, మిషన్ తొక్కి, పోయేది. ఒక ఆదివారం తొక్కుతూనే, తల ఎత్తకుండా చెప్పింది. చిన్నప్పుడు సెలవులకు కుప్పంలో మేనమామ ఇంటికి పంపేవారట. అక్కడ ఆయన తనతో ఎలా ప్రవర్తించాడో ఆ రోజు దాకా ఎవరికీ చెప్పలేదట.

“నేను పోనంటే సెల్లెల్ని పంపుతారని, ప్రతి ఏడాదీ నేనే పోతాంటి అక్కా” అంది.

ఇలా మొదటిసారి బయటపెట్టడాన్ని మా పనిలో డిస్‌క్లోజర్ అంటారు. విన్నవాళ్లు “అప్పుడే ఎందుకు చెప్పలేదు” అని అడగకూడదు. “ఇప్పుడైనా అందరికీ చెప్పు” అని తోయకూడదు. మొదటిది నాకు తేలికే. రెండోదానికి మాత్రం నోరు కుట్టేసుకోవాల్సి వచ్చేది. నేను అంత నిదానస్తురాలిని కాను.

మే నెలలో ఒక ఆదివారం రేణుక మిషన్ దగ్గరికి పోలేదు. గుమ్మంలోనే నిలబడిపోయింది.

“పాప పెద్దమనిషైందక్కా. గుడిసె కట్టను మామ వస్తాండాడు, బుధవారం.”

మా వైపు పచ్చి కొబ్బరి మట్టలతో చిన్న గుడిసె కట్టి పిల్లను అందులో కూర్చోబెడతారు. కట్టాల్సింది పిల్ల మేనమామ. రేణుకకు అన్నదమ్ములు లేరు కాబట్టి ఆ పెద్దరికం రేణుక మేనమామకే పోయింది. గుడిసె కట్టిన మనిషి, ఫంక్షన్ అయ్యాక పిల్లను తన ఇంటికి తీసుకుపోయి, కొన్నాళ్లు ఉంచుకుని, బట్టలు పెట్టి పంపడం వాళ్ల ఆనవాయితీ.

“కుప్పానికి పిల్సుకోని పోతాడు. ఆ ఇంటికేనక్కా” అంది రేణుక.

మా గదిలో విన్నది గడప దాటదు. దానికి ఒక్కటే మినహాయింపు, ఏ బిడ్డకైనా ఇప్పుడు ప్రమాదం ఉంటే. ఆ సంగతి మొదటి రోజే అందరికీ చెబుతాం. రేణుకకు మళ్లీ గుర్తు చేశాను.

“నువ్వు ఆపకపోతే, మీ ఇంట్లో నేను సెప్పాల్సొస్తాదమ్మా.”

“తెలుసక్కా. బుధవారం దాకా ఓర్సుకో. నా బిడ్డ. నేనే సెప్తా.”

ఆ మధ్యాహ్నమంతా సేఫ్టీ ప్లాన్ వేశాం. అంటే ఎవరికి, ఏ మాటతో చెప్పాలి, వినకపోతే పిల్లను ఎక్కడ ఉంచాలి అని ముందే అనుకోవడం. “నా చిన్నప్పుడు ఆయప్ప నాతో తప్పుగా నడుసుకున్యాడు.” ఈ ఒక్క మాట చాలనుకున్నాం. అన్న ప్రతిసారీ ఆమె సగంలోనే ఆగిపోయేది. విన్నాక అత్త ఇంట్లో ఉండనిస్తుందా, మొగుడు ఏమనుకుంటాడు అని ఆమె భయం. అసలు కారణం చెప్పకపోతే ఎవరూ వినరే అని నా భయం. బుధవారం దాకా నాకు చేయి కుదరలేదు. ఒక రవికకు రెండూ ఎడమ చేతులే కుట్టాను.

పాపకు కుట్టిన రవిక తెచ్చిన టైలరమ్మగా ఆ రోజు పుంగనూరు పోయాను. మామ అప్పటికే వచ్చి ఉన్నాడు. తెల్ల పంచె, చేతిలో స్వీట్ల పెట్టె, అందరినీ నవ్విస్తున్నాడు. నేను ఒక రాక్షసుణ్ణి ఊహించుకుని పోయాను. ఆయన నాకు కుర్చీ వేయించాడు.

రేణుక భర్త మట్టలు తెచ్చి వాకిట్లో వేశాడు. మామ ఒక మట్ట చేతికి తీసుకున్నాడు. రేణుక లోపలినుంచి వచ్చి ఎదురుగా నిలబడింది. అనుకున్న మాట ఎప్పుడు వస్తుందా అని నేను చూస్తున్నాను.

“మామా, నువ్వు కట్టొద్దు.”

ఆయన నవ్వాడు. “యాలమ్మా, నేనంత ముసిలోడినయినానా?”

“కట్టొద్దు. నా బిడ్డ మీ ఇంటికి రాదు.”

రేణుక అత్తగారు ముందుకొచ్చింది. “యాల మే? నలుగురిలో ఏంది ఇది?”

“యాలో నేను సెప్పనత్తా. ఆయప్ప కట్టొద్దు, అంతే.”

అయిపోయింది అనుకున్నాను. కారణం చెప్పకుండా వద్దంటే ఇంతమందిలో ఎవరు వింటారు? మామ తల అడ్డంగా ఊపి, మట్ట చీల్చబోయాడు. ఇక నేనే నోరు తెరవాలని కుర్చీలోంచి లేచాను.

నాకంటే ముందు ఇంకొకరు లేచారు. కుప్పంలోనే కాపురముంటున్న రేణుక చెల్లెలు. అంతసేపూ ఒక మూల కూర్చుని పూలు కడుతున్న మనిషి, నేరుగా వచ్చి మామ చేతిలోంచి మట్ట లాక్కుంది. కింద కూర్చుని కట్టడం మొదలుపెట్టింది. వేసిన ముడి నిలవలేదు. రేణుక చెల్లెలి ముఖంలోకి చూసింది. చూసి, మెల్లగా పక్కన కూలబడి, ముడి జారకుండా వేలు పెట్టి పట్టుకుంది.

మామ నవ్వు ఆగిపోయింది. అత్త ఆ ఇద్దరినీ చూసింది, ఆయన్నీ చూసింది.

“తల్లీ, పిన్నమ్మా కడ్తాండారు గదా. సాల్లే. పాపను పిల్సుకోని రాండి” అంది.

మామ భోజనానికి ఉండలేదు. ఉండమని ఎవరూ అనలేదు.

నేను బయల్దేరుతుంటే చెల్లెలు తాంబూలం పట్టుకుని వీధి మలుపు దాకా వచ్చింది.

“ఆదివారం మీ కాడ కుట్టు నేర్పుతారంట గదా.”

“ఔనమ్మా.”

“నాకు మిషన్ తొక్కేది రాదు.”

“రాకున్నా ఏం కాదు. రా.”

అంతవరకూ, కారణం చెబితేనే రక్షణ దొరుకుతుందని నమ్మేదాన్ని. తర్వాత వచ్చిన వాలంటీర్లకు మొదట చెప్పింది రేణుక సంగతే. బిడ్డను కాపాడుకోవడానికి వద్దు అంటే చాలు. ఎందుకో చెప్పడం, చెప్పకపోవడం ఆమె ఇష్టం.

ఆ ఆదివారం ఇద్దరూ పుంగనూరు బస్సు దిగి వచ్చారు. అక్క మిషన్ తొక్కింది. చెల్లెలు మాట్లాడింది.