ఐసు కంపెనీ తరఫున గిటెన్స్ గారు

థియోఫిలస్ గిటెన్స్ గారికి ఒకటే జబ్బు. ఎవరికే కష్టం వచ్చినా, పరామర్శకు ముందు "నష్టం ఎవరిది?" అని విచారణ మొదలుపెట్టేవారు. గ్రెనడా దీవి కోర్టులో ఉత్తర్వులకు నకళ్లు రాసి పదవీ విరమణ చేసిన గుమాస్తా గనుక, ఆ ప్రశ్నను టై సవరించుకొని మరీ అడిగేవారు.

చేపలమ్మే ఇర్మిన్ కూరపాదులను మేక మేసిన రోజున ఆమె లబోదిబోమంటే, "స్థలం ఎవరి పేరిట ఉందమ్మా?" అన్నారు.

"మా అమ్మ పేర."

"అయితే ఏడవవలసినది మీ అమ్మగారు. నువ్వు ఓదార్చు."

మరోసారి పనసకాయంత బ్రెడ్‌ఫ్రూట్ ఆయన నెత్తినే పడింది. ఇర్మిన్ పరుగెత్తుకొచ్చి, "దెబ్బ తగిలిందా?" అంది.

"తగిలినది టోపీకి. టోపీ చర్చి బ్యాండు వారిది. వారికి కబురు పెట్టు" అని మూర్ఛపోయారు.

ఊరి జాలర్లందరికీ వాటాలున్న ఐసు కంపెనీ యంత్రాన్ని డైరెక్టరు కేటో తన బావమరిదికి కారుచౌకగా అమ్మేశాడు. వాటాల విలువ ఐసుకన్నా ముందే కరిగిపోయింది. ఇర్మిన్ పడవ తాకట్టు పెట్టి దావా వేస్తానంది.

నిమ్మరసంలోకి ఐసు కోసం ఒక వాటా కొనుక్కున్న గిటెన్స్ గారు అడ్డుపడ్డారు. "నష్టం ఎవరిది?"

"నాది! నా వాటా మట్టికొట్టుకుపోయింది!"

"యంత్రం కంపెనీది. కాబట్టి నష్టమూ దానిదే. నీ పేరిట వేస్తే దావా కొట్టేస్తారు, పడవా పోతుంది. కోర్టు అనుమతితో వాటాదారు ఒకరు కంపెనీ తరఫున వేయాలి. వచ్చేది కంపెనీకే. అది బతికితే నీ వాటా బతుకుతుంది."

"సరే, ఓడిపోతే ఖర్చులెవరివి?"

గిటెన్స్ గారు మొదటిసారి టై సవరించుకోలేదు. "పడవ జోలికి మాత్రం పోకు" అన్నారు.

తీర్పు రోజున బంట్రోతు బిగ్గరగా పిలిచాడు: "ఐసు కంపెనీ తరఫున, థియోఫిలస్ గిటెన్స్!" దావా వేసింది ఆయనేనని ఇర్మిన్‌కు అప్పుడే తెలిసింది. ఓడితే ఖర్చుల కింద పోయేది ఆయన ఇల్లు! జడ్జి యంత్రాన్ని కంపెనీకి తిరిగి ఇప్పించేదాకా ఆమె ఊపిరి పీల్చుకోలేదు.

బయటికి రాగానే నిలదీసింది. "ఇల్లు పణం పెడతారా? ఓడిపోయుంటే నష్టం ఎవరిదయ్యా, పెద్దమనిషీ?"

"గెలిచితిమి గనుక ఆ ప్రశ్న ఉత్పన్నం కాదు."

ఇర్మిన్ ఆయన్ని గట్టిగా వాటేసుకుంది. ఇస్త్రీ కోటు నిండా చేప పొలుసులు అంటుకున్నాయి.

"అయ్యో, కోటు పాడైంది! ఇప్పుడు చెప్పండి, నష్టం ఎవరిది?"

గిటెన్స్ గారు పొలుసులను నిదానంగా పరిశీలించారు. ఒక్కటీ దులపకుండా టై సవరించుకున్నారు.

"నష్టమేమియు జరగలేదు" అని తీర్పు చెప్పారు.