పార్థెనాన్ స్తంభం మీద నాన్న చెయ్యి

స్తమాతియా తీరిగ్గా కూర్చోగా చూసినవాళ్లు ఏథెన్స్‌లో ఎవరూ లేరు. అక్రోపొలిస్ కొండమీద ఆమెది కాపలా ఉద్యోగం. సందర్శకులు తాడు దాటినా, పాలరాతి మీద చెయ్యి వేసినా మెడలోని ఈల ఊదాలి. ఇంటికొచ్చినా ఆమె కాళ్లు నిలవవు. వంటగదికీ బాల్కనీకీ మధ్య తిరుగుతూనే అన్నం తింటుంది.

తండ్రి పాందెలిస్ ఒకప్పుడు ట్రాలీబస్సు నడిపేవాడు. ఇప్పుడాయన కంటికి వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనడం లేదు. ఆ మే నెలలో ఉన్నట్టుండి పట్టుబట్టాడు.

"నన్నోసారి కొండపైకి తీసుకెళ్లమ్మా. పెళ్లైన మర్నాడు మీ అమ్మా నేనూ పార్థెనాన్ గుడి స్తంభానికి ఆనుకుని ఫొటో దిగాం. ఒక్కసారి ముట్టుకుని వస్తా."

"ముట్టుకోనివ్వరు నాన్నా."

"ఎవరే ఆపేది?"

"నేనే."

హాస్యమనుకుని నవ్వాడాయన. స్తమాతియాకు మాత్రం ఆ పూటనుంచి స్థిమితం లేదు. కాదంటే ముసలాయన ఉసురు, ఔనంటే ఉద్యోగం. చివరికి తన డ్యూటీ రోజే పైకి వెంటబెట్టుకొచ్చి, గుడి దగ్గర నీడలో బల్లమీద కూర్చోబెట్టింది.

"కదలకు. మధ్యాహ్నం కిందికి దింపుతా."

"నేనేమన్నా మేకపిల్లనా?"

రెండడుగులు వేస్తే ఒకసారి వెనక్కి చూసుకుంటూ తిరిగింది. ఎవరో అడిగిన దారి చెప్పి తిరిగేసరికి బల్ల ఖాళీ. చేతికర్ర చూసి జనం పక్కకు తప్పుకుంటుంటే పాందెలిస్ తిన్నగా తాడు కిందనుంచి దూరాడు. రెండు చేతులూ స్తంభానికి ఆనించి, రాతిలో చెక్కిన నిలువు గాడుల వెంబడి వేళ్లు పైకి జరుపుతున్నాడు.

ఈల పెదవుల దాకా వచ్చి ఆగింది. ఇంకొక్క క్షణం, అనుకుంది. ఇంకొక్కటి.

"ఆయన ముట్టుకోవచ్చు గానీ మేం కూడదా?" అందొక ఆవిడ. అంతకుముందే స్తమాతియా కసిరిన మనిషి. అప్పటికే ఇద్దరు ముగ్గురు తాడు మీదికి వంగి చేతులు చాస్తున్నారు.

స్తమాతియా ఊదింది.

పాందెలిస్ నిప్పు తగిలినట్టు చేతులు లాక్కున్నాడు. "నువ్వేనా?"

"నేనే నాన్నా."

మధ్యాహ్నం స్తమాతియా ఆయన్ని చెయ్యి పట్టుకుని కొండ దింపింది. కింద, అందరూ ఎక్కి కూర్చునే నున్నటి బండల గుట్ట దగ్గర ఆగి ఆయన చెయ్యి ఒక రాతిమీద పెట్టింది.

"ఇక్కడ ఎవరూ ఏమనరు. ఎంతసేపైనా ముట్టుకో."

మొహమాటానికి తడిమాడాయన. "బండే. మంచి బండే." చెయ్యి తీసేసి అన్నాడు, "అక్కడ గాడిలో చల్లగా ఉందమ్మా. మీ అమ్మ వీపు ఆన్చిన చోటు అదో కాదో తేలకముందే ఊదావు."



వారం తిరక్కుండా స్తమాతియా పై అధికారిని బతిమాలి కింద ద్వారం దగ్గరికి మారింది. అక్కడ ఈల అక్కర్లేదు, టికెట్లు చూసి పంపడమే పని. అయినా పైనుంచి ఈల వినబడితే చాలు, మాట మధ్యలో ఆపి తలెత్తి చూస్తుంది. పాందెలిస్ అప్పుడప్పుడూ వచ్చి పక్కనే కూర్చుంటాడు. నువ్వుల రొట్టె తుంచుకుని తింటూ, వచ్చేపోయేవాళ్ల మాటలు చెవిన వేసుకుని, ఎవరిది ఏ దేశమో కూతురితో పందెం కాస్తాడు. పైకి తీసుకెళ్లమని మళ్లీ అడగలేదు.