ఏమీ లేదని చాటింపు

మా బడి ఉన్న ఊళ్లో ముప్పై ఒక్క ఏళ్లుగా చాటింపు వేసేది వీరప్ప. కళ్యాణదుర్గం నుంచి షేర్ ఆటోలో వచ్చి ఇక్కడి బడిలో పాఠాలు చెప్పే నాకు, ఈ ఊళ్లో అబద్ధం ఆడని మనిషంటే అతనొక్కడే కనిపిస్తాడు. నీళ్ల ట్యాంకరు రేపు వస్తుందని అతను చాటాక రాకపోతే, ఆ తప్పు ట్యాంకరుదే. అలాంటి మనిషి తప్పెటకు ఈ జూన్‌లో గండం వచ్చింది. వాట్సాప్ గ్రూపు ఉండగా ఇంకా మనిషి దేనికని సర్పంచి ఈశ్వరప్ప తేల్చేశాడు.

సరిగ్గా అప్పుడే నందిని దిగింది. పామిడి పిల్ల. యూనివర్సిటీలో మీడియా, సంస్కృతి, ప్రజా సమాచారం అని ఏదో పీజీ చదువుతోంది. తప్పెట మాట ఎక్కువ మందికి చేరుతుందా, ఫోను మాటా అన్నది ఆమె పరిశోధన. తప్పెట గెలిస్తే వీరప్పను ఉంచుతానని ఈశ్వరప్ప ఒప్పుకున్నాడు. అయితే ఆమె గైడు ఒక మెలిక పెట్టాడు. చాటే కబురులో ఎవరికీ ఏ లాభమూ ఉండకూడదట, ఉంటే నోటి మాటగా పాకి ఫలితం చెడిపోతుందట. ఇంత చదువుకున్నవాళ్లు కూర్చుని చివరికి రాసిచ్చిన కబురు ఇది: “రేపు పొద్దున పది గంటలకు బడి కాడ ఏమీ లేదు. ఎవురూ రావద్దు.” చదివి నాకు ఒళ్లు మండింది. కానీ బడి పేరు వాడుకోమన్నది నేనే.

“లేనిదానికి తప్పెట ఎట్ల కొట్టేది పాపా?” అన్నాడు వీరప్ప. చాలాసేపు ఆలోచించి, ఇదీ నిజమే కదా అని ఒప్పుకున్నాడు. సాయంత్రం నాలుగు వీధులూ తిరిగి చాటాడు. అదే కబురు గ్రూపులో పెడితే పద్నాలుగు మంది దండం బొమ్మ పెట్టి ఊరుకున్నారు.

మర్నాడు ఉండబట్టలేక ఆరున్నరకే వచ్చాను. బడి గేటు నుంచి పాల కేంద్రం దాకా చెప్పుల వరస. సబ్సిడీ వేరుశనగ విత్తనాలు ఇచ్చినప్పుడల్లా మా వైపు మనిషికి బదులు చెప్పులే క్యూ కడతాయి. చెప్పులు లేనివాళ్లు రాయి పెట్టి, దాని కింద ఆధార్ జిరాక్సు పెట్టారు.

ఏమీ లేకపోతే చాటింపు ఎందుకు వేయిస్తారని అందరిదీ ఒకటే మాట. విత్తనాలని కొందరు, పంటల బీమా అని కొందరు, రావద్దన్నారంటే పెద్దదే అయి ఉంటుందని మిగతావాళ్లు. వీరప్ప వరస పొడుగునా నడుస్తూ ఏమీ లేదని చెబుతుంటే, ఇతనికి ముందే ముట్టిందిలే అని నవ్వారు. గేటు దగ్గరికొచ్చి అతను ఆగిపోయాడు. మొదటి జత చెప్పులు అతని భార్య బయమ్మవి. ఆమె పక్కనే నీడలో కూర్చుని ఉంది.

“నా మాట నువ్వు కూడా నమ్మల్యా?” అన్నాడు.

“నమ్మినా. నువ్వు చెప్పేది నిజమే. పొరపాటున ఏదన్నా ఉంటే మనకు రావద్దా?” అంది బయమ్మ.

అతని మొహం చూడలేకపోయాను. నందిని మాత్రం కాగితాలు నింపుకుంటూ తిరిగింది. కబురు చేరిందా అన్న గడిలో నూటికి నూరు. అర్థమైందా అన్న గడిలోనూ నూటికి నూరే, అందరూ అర్థమైందన్నారు మరి. నమ్మారా అని అడగవా అన్నాను. ఆ గడి లేదు సార్ అంది.

పది గంటలకు, చాటినట్టే, ఏమీ జరగలేదు. మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డ జనం వీరప్ప మోసం చేశాడని తిట్టుకుంటూ వెళ్లారు. ఈశ్వరప్ప ఇంత మంది నా మీటింగుకు కూడా రారని మురిసిపోయి, వీరప్ప పని ఖాయం చేశాడు. జనం కోపం చల్లారడానికి వెంటనే ఇంకో చాటింపు వేయమన్నాడు: బడి దగ్గర నిజంగానే ఏమీ లేదు, రేపు కూడా ఉండదు.

సాయంత్రం ఆ చాటింపు వినిపించిన కాసేపటికి, నేను గేటుకు తాళం వేస్తుంటే బయమ్మ వచ్చి చెప్పులు విడిచి పోయింది. ఆమె వెనక ఇంకో పదిమంది. తర్వాత వీరప్ప వచ్చాడు, తప్పెట ఇంకా భుజానే ఉంది. వరసను చూస్తూ నిలబడ్డాడు.

“సారూ, నిజంగా ఏమీ లేదు కదా?” అని అడిగాడు.

లేదన్నాను. తలూపాడు. వరస చివరికి నడిచి, తన చెప్పులు విడిచి, ఉత్తకాళ్లతో ఇంటికి పోయాడు.