బలం బిళ్ళ అని చెప్పి ఇచ్చాను

ఆరేళ్లుగా ఒక మాట లోపల నలుగుతోంది. ఇంట్లో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

కడియంలో ఒక నర్సరీకి మేస్త్రీని. మొక్కలెత్తి ఎత్తి నా నడుము ఏనాడో పోయింది. డాక్టరుగారు ట్రమడాల్ అనే నొప్పి బిళ్ళలు రాశారు. ఇంకొకరికి ఇవ్వొద్దని గట్టిగా చెప్పి మరీ రాశారు. అది వేసుకుంటే నొప్పి పోదు, తెలియదంతే. ఆ సంగతి నాకు తెలియనిదా?

ఆ రోజు నాగపూర్ లోడుకి లారీ వచ్చింది. మట్టిగడ్డలతో పామ్ మొక్కలు, ఒక్కోటి ఇద్దరు పట్టాలి. కూలీలు తక్కువ. మధ్యాహ్నానికి వాళ్లలో పద్మ అనే ఆమె నడుము పట్టుకుని గట్టు మీద కూలబడింది. ఇంటికి పొమ్మనాలి. కానీ లారీ ఆగిపోతే ఓనరుగారు నాలుగు మాటలంటారు. ఆ నాలుగు మాటలకే భయపడి, టీ గ్లాసుతో పాటు నా జేబులోని బిళ్ళ ఒకటి ఆమె చేతిలో పెట్టాను.

"ఏంటండీ ఇది?"

"బలం బిళ్ళమ్మా. వేసేసుకో."

"మీరుండబట్టి గానీ, మమ్మల్నెవరు చూస్తారండీ మేస్త్రిగారూ!"

కూలీలకు ఏ బిళ్ళ ఇచ్చినా బలం బిళ్ళ అనే అంటాం మేము. నమ్మింది. లారీ నిండేదాకా నవ్వుతూ మోసింది. మర్నాడూ ఇచ్చాను. మొదటి రోజు తొందరలో ఇచ్చాననుకుందాం, మరి రెండో రోజు? మూడో రోజు ఆమె మంచం మీంచి లేవలేదు. డిస్కు జారి నరం నలిగిందన్నారు. నొప్పి తెలిసుంటే మొదటి రోజే ఆగిపోయేదేమో. ఆగేది. ఏమో అని ఎందుకు రాస్తున్నాను?

ఆసుపత్రిలో ఏమైనా మందులు వేసుకున్నావా అని అడిగితే లేదంది. బలం బిళ్ళ ఆమె లెక్కలో మందు కాదు. నేను పక్కనే ఫైలు పట్టుకుని నిలబడ్డాను.

ఇప్పుడు ఎడమకాలు ఈడుస్తూ వచ్చి, షెడ్డులో కూర్చుని కవర్లలో మట్టి నింపుతుంది. ఆ పని ఇప్పించానని నన్ను దేవుడంటుంది. వింటే ఒళ్లు మండిపోతుంది, నా మీద నాకే.

మొన్న ముసురుకి నొప్పి ఎక్కువైందట. "ఆ బలం బిళ్ళలు ఇంకా ఉన్నాయాండీ? అవి వేసుకున్న రెండ్రోజులే హాయిగా ఉందండి," అంది. లేవన్నాను. జేబులోనే ఉన్నాయి. అవేం బిళ్ళలో అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఇవాళ మీకు ఆ బిళ్ళ అసలు పేరు పెట్టి చెప్పాను. ఊపిరి కాస్త ఆడుతోంది. రేపు పొద్దున్నే పద్మ నాకు నమస్కారం పెడుతుంది.