అరుంధతి ఎటుంది?

మిరప కల్లంలో కాయలు తిరగేస్తూనే యలమందయ్య మధ్యమధ్యలో నడుం మీద చెయ్యేసుకుని ఆకాశం కేసి చూస్తుంటాడు. చుక్కల గురించి ఎవరు తప్పు చెప్పినా ఊరుకోడు. మొన్న వైశాఖంలో తమ్ముడి కూతురు మాధురి పెళ్లిలో, పట్టపగలు పురోహితుడు దక్షిణంగా వేలు చూపించి, "అరుంధతి కనబడిందా అమ్మా?" అన్నాడు.

"కనబడిందండీ" అంది మాధురి.

యలమందయ్య లేచి నిలబడ్డాడు. "అరుంధతి ఉండేది ఉత్తరానండీ. మీరు చీరాల చూపిస్తున్నారు. పైగా ఈ వేళకి సప్తర్షులు ఇంకా ఉదయించనే లేదు."

పురోహితుడు చెయ్యి దించేశాడు. మేళం ఆగింది. వంటవాళ్లు గరిటెలతో సహా బయటికొచ్చారు.

"పెదనాన్నా, పొద్దున్నించీ ఏమీ తినలేదు" అంది మాధురి నెమ్మదిగా. "నువ్వు కూడా చూసేస్తే భోజనాలకి లేస్తాం."

యలమందయ్య కండువాతో కళ్లద్దాలు తుడుచుకుని, షామియానా గుడ్డ కేసి చాలాసేపు చూసి, "కనబడింది" అన్నాడు.