ఎంగిలిపడ్డ హంస

ఆ రోజుల్లో, అంటే ఎనభైల నడుమ, నరసరావుపేటలో డిగ్రీ పాసైన ఆడపిల్లకి ఎండాకాలం గడపడానికి రెండే దారులుండేవి. ఒకటి ఆవకాయ ముక్కలు తుడవడం, రెండోది పెళ్లిచూపులకు కూర్చోవడం. కెమిస్ట్రీతో బీయస్సీ పూర్తిచేసిన నేను మూడో దారి కనిపెట్టాను. పాత కళాఖండాలను ఎలా కాపాడాలో చేతులతో చేయించి నేర్పే వేసవి శిక్షణ ఒకటి రొంపిచెర్ల అవతల ఒక పల్లెలో పెడుతున్నారని తెలిసి దరఖాస్తు పెట్టేశాను. మా అమ్మ విని, "గుళ్లో బూజు దులపటానికి బీయస్సీ ఎందుకే? మనింట్లో చానా ఉంది, దులుపు" అంది. (ఆవిడ మాటలో ఎంత నిజముందో అక్కడికి వెళ్లిన మొదటి రోజే తెలిసింది.) నా ఊహలో మాత్రం నేను తెల్లకోటు తొడుక్కుని, గాజు గొట్టాల్లోంచి పొగలు వస్తుండగా, శిల్పాల ప్రాణాలు నిలబెడుతున్నాను.

మాకు అప్పగించింది శిల్పం కాదు, కొయ్య హంస. ఆ ఊరి కేశవస్వామి తిరునాళ్లలో ఊరేగే వాహనం. దీపాల మసి, ఆముదం జిడ్డు, కాగడాల పొగ తరతరాలుగా పట్టిపట్టి అది ఎంత నల్లబడిందంటే, ఊళ్లో పిల్లలు దాన్ని కాకి వాహనం అనేవాళ్లు. ఆ నలుపు కింద పాతకాలపు రంగులు చెక్కుచెదరకుండా ఉన్నాయని మాకు నేర్పే మేడమ్ నమ్మకం. గుడి ధర్మకర్త పెద్దాయనకు ఆ నమ్మకం బొత్తిగా లేదు. ఆయన అప్పటికే తెల్లగా తళతళలాడే ఎనామిల్ పెయింటు డబ్బాలు కొని మండపంలో ఓ మూల పెట్టించాడు. "తిరునాళ్లలోపు తెల్లగా తేల్చారా, సరే. లేదంటే పెయింటర్ వస్తాడు. నాకు తెలుపు కావాల, అంతే" అన్నాడు. ఆ పెయింటు ఒక్కసారి పడిందంటే కింద ఏముందో ఇంకెవరూ చూడలేరు. మేడమ్‌కి ఆ డబ్బాలు కనబడినప్పుడల్లా అన్నం సయించేది కాదు.

మేడమ్ హైదరాబాదు నుంచి వచ్చింది. బక్కపలచని మనిషి, కళ్లజోడు మెడలో దారానికి వేలాడుతుండేది, చీర మీద ఎప్పుడూ నాలుగు దూది పోగులు అంటుకుని ఉండేవి. మేం చాటుగా దూది మేడమ్ అనేవాళ్లం. వచ్చిన రోజు ఆవిడ హంసను ముట్టుకోకుండా, దాని చుట్టూ తిరుగుతూ ఒక పూటంతా చూస్తూనే ఉంది. "చెయ్యి పెట్టడం ఎవరికైనా వస్తుంది. ముందు ఆగడం నేర్చుకోండి" అంది. మర్నాడు తోక కింద ఎవరికీ కనబడనిచోట పరీక్ష మొదలుపెట్టింది. నీళ్లు పెడితే జిడ్డు కదల్లేదు. స్పిరిట్ పెడితే జిడ్డుతోపాటు కాస్త ఎరుపు కూడా దూదికి అంటుకుని వచ్చింది. ఆవిడ తన వేలే తెగినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. తర్వాత ఏ సీసా అడుగుతుందోనని నేను రసాయనాల పెట్టె దగ్గర సిద్ధంగా నిలబడ్డాను. ఆవిడ ఏదీ అడగలేదు. వెదురుపుల్లకి దూది చుట్టి, నోట్లో పెట్టుకుని తడిపి, తోక మీద మెల్లగా దొర్లించింది. దూది నల్లబడింది, కింద గోరంత తెలుపు మెరిసింది.

"లాలాజలం అమ్మాయ్! గోరువెచ్చగా ఉంటుంది, జిడ్డును వదిలిస్తుంది, రంగు జోలికి పోదు. పెద్ద పెద్ద మ్యూజియాల్లో కూడా ఇదే వాడతారు" అంది నవ్వుతూ. మూడేళ్లు రసాయన శాస్త్రం చదివి నేను చివరికి చేరుకున్నది ఉమ్మి దగ్గరికి! నియమాలు మాత్రం గట్టివి. దూదిని రుద్దకూడదు, దొర్లించాలి. హంసను తాకిన పుల్ల మళ్లీ నోటికి రాకూడదు. తుడిచినచోట మంచినీటి దూదితో మరోసారి తుడవాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు, పల్నాటి ఎండకి నోరు పిడచకట్టుకుపోవడం. అప్పుడు నేను కళ్లు మూసుకుని మామిడికాయ ముక్కల్నీ ఉప్పూకారాన్నీ తలుచుకుని నోరూరించుకునేదాన్ని. (ఏ ఆవకాయ ముక్కల నుంచి తప్పించుకొచ్చానో, చివరికి అవే పనికొచ్చాయి.)

అలా నేను మెడ దగ్గర తుడుస్తుండగా ఒక పొద్దున పెద్దాయన తల్లి ప్రదక్షిణాలకు వచ్చింది. ఊరందరికీ ఆవిడ నాయనమ్మే. నన్ను చూసి ఆగిపోయింది.

"ఏమే పిల్లా, ఏందది నోట్లో?"

"దూది, నాయనమ్మా."

"నోట్లోది తీసి సామి వాహనానికి పూస్తన్నావా? ఒరేయ్, రండిరా! హంసని ఎంగిలి చేశార్రా!"

ఎక్కడివాళ్లు అక్కడ పనులు వదిలేసి వచ్చారు. మండపం నిండిపోయింది. పెద్దాయన ముఖం కందగడ్డలా అయింది. "చాల్లే మీ శిక్షణ! ఒరేయ్, పెయింటర్‌కి కబురెట్టండి. ఆ డబ్బాలు ఇవాళే తెరవాల" అన్నాడు. పరిస్థితిని నేనే చక్కబెడదామని ముందుకొచ్చి, "అదికాదండీ, ఇందులో ఎంజైములని ఉంటాయి..." అని అందుకున్నాను.

"ఎన్ని ఉంటే ఏంది, నీ నోట్లోయే గదా!" అంది నాయనమ్మ. నా బీయస్సీ అక్కడితో సరి.

అప్పుడు మేడమ్ వచ్చి నాయనమ్మ పక్కన కటిక నేల మీద కూర్చుంది. "నాయనమ్మా, మీ మనవడి బుగ్గకి కాటుక అంటితే ఎలా తుడుస్తారు?"

"కొంగుతో."

"పొడి కొంగుతో పోతుందా?"

నాయనమ్మ కొంగు సర్దుకుంది. వెనక ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. "కొంగు తడిచేసుకుంటా. అయితే ఏంది? బిడ్డకి ఎంగిలేముందమ్మా! అది వేరు."

"నాకు వేరు కాదు నాయనమ్మా. ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ ఇది నా బిడ్డే. ముఖాన మసి పట్టింది, తుడుస్తున్నా. పని అయ్యాక పూజారిగారు సంప్రోక్షణ చేస్తారు. ఆ పెయింటు పడితే మాత్రం ఈ ముఖం మళ్లీ ఎవరికీ కనబడదు." గెలవడానికి అన్న మాట కాదది. నాకు అక్కడికక్కడే ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

నాయనమ్మ హంస వంక చూసి తీర్పు చెప్పింది. "సరే, తుడవండి. ఆ నోరు మాత్రం శుద్ధిగా ఉండాల. ఉల్లి, వెల్లుల్లి, నీసు ముట్టకూడదు. పొద్దున్నే తులసాకు నమలాల. నేనొచ్చి చూస్తా."

నిజంగానే వచ్చేది. గుమ్మంలో కూర్చుని ఒక్కొక్కరినీ నోరు తెరవమని వాసన చూశాకే లోపలికి వదిలేది. ఈపూరు నుంచి వచ్చిన కుర్రాడొకడు ఉల్లిపాయ పకోడీలు తిని వచ్చి మధ్యాహ్నందాకా ఎండలో నిలబడ్డాడు. క్రమంగా ఆవిడ గుమ్మం వదిలి హంస దగ్గరికి జరిగింది. "మెడకాడ ఇంకా నలుపుంది చూడు", "రెక్క సందులో మర్చిపోయావే" అంటూ మా మీద అజమాయిషీ మొదలుపెట్టింది. నలుపు కింద నుంచి పాలమీగడలాంటి తెలుపు, రెక్కల అంచున ఎరుపు, ఆకుపచ్చ ఒక్కొక్కటే బయటపడుతుంటే పెద్దాయన కూడా ఏదో పనున్నట్టు అటుగా వచ్చి చూసిపోయేవాడు.

చివరికి కుడికన్ను మిగిలింది. మేడమ్ కొత్త పుల్లకి దూది చుట్టి నాయనమ్మ చేతికిచ్చింది. "అమ్మో, నేనా!" అంటూనే ఆవిడ తీసుకుంది. బోసినోట్లో పెట్టి తడిపి, అచ్చం మాకు నేర్పినట్టే రుద్దకుండా దొర్లించింది. మేడమ్ ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. నల్లటి కనుపాప, చుట్టూ సన్నటి నీలిగీత, మూలన ఎర్రజీర. హంస మా అందరినీ చూసింది.

"నేను కాపురానికొచ్చిన్నాడే ఇది నల్లగుంది. మా అత్త కూడా దీన్ని ఇట్టా చూళ్లేదు" అని నాయనమ్మ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. తర్వాత ముక్కు చీది, గుమ్మంలో నిలబడి చూస్తున్న కొడుకు వైపు తిరిగింది. "ఏరా, అట్టా చూస్తావేంది? ఆ డబ్బాలు తీసకపోయి గుడి గేటుకి కొట్టించు."

తిరునాళ్లనాడు హంస బయటికి వస్తే జనం దారి ఇవ్వడం మరిచిపోయి చూశారు. నాయనమ్మ వాహనం పక్కనే నడుస్తూ, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతోంది. "మెడ ఈ పిల్లది, రెక్కలు ఆ అమ్మవి, కన్ను నాది." నేను సిగ్గుతో తల వంచుకున్నాను గానీ, ఇంకొకసారి గట్టిగా చెప్తే బాగుండునని లోపల ఒకటే ఆశ.

తర్వాత నాకు ఇదే వృత్తి అయింది. ఇప్పుడు ఆ పనికి లాలాజలం లాంటి ద్రావణం సీసాల్లో దొరుకుతోంది. చేతికి తొడుగులు వేసుకుని దానితోనే తుడుస్తాను. పని చక్కగా అవుతుంది, నివేదికలో "శుభ్రపరచబడినది" అని రాసి సంతకం పెడతాను. ఎవరి మెడో, ఎవరి కన్నో అందులో రాయడానికి చోటుండదు. అప్పుడప్పుడూ ఆ కాగితం ముందు కూర్చుని, తిరునాళ్లలో తల వంచుకుని చెవులు మాత్రం రిక్కించుకుని నడిచిన ఆ పిల్లను తలుచుకుని నవ్వుకుంటాను. దానికి ఎంత గర్వమో! ఆ హంస మెడ ఇప్పటికీ నాదే.