ఆమెన్‌లో ఊపిరి ఎక్కడ తీసుకోవాలి

2023 వానాకాలం. పటాన్‌చెరులోని ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మా దగ్గరికి నడుము నొప్పులతో పాటు, ఫ్యాక్టరీల్లో ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లూ వస్తారు. జీవరత్నం అలా వచ్చినవాడే. నలభై దాటిన మనిషి, పాశమైలారంలో మందుల కంపెనీలో ఆపరేటర్. పైపు జాయింటు ఊడి ఘాటైన ఆవిరి పీల్చాడు. ప్రాణం దక్కింది కానీ, ఊపిరితిత్తుల్లో కొంత భాగం గట్టిపడిపోయింది.

అతనికి స్పైరోమీటర్ ఇచ్చాను. గొట్టంతో గాలి లోపలికి లాగితే అందులోని బంతులు పైకి లేస్తాయి. ఊపిరికి అదొక కసరత్తు. వారం తర్వాత వచ్చినప్పుడు, డబ్బా కూడా విప్పలేదని భార్య మార్తమ్మ చెప్పింది.

"గీ బాల్స్ లేపితే నాకేమొస్తది మేడమ్?" అన్నాడు.

"మరి మీకేం కావాలండీ?"

జవాబుగా ఫోన్‌లో ఒక పాట పెట్టాడు. మూడు వందల ఏళ్ల కిందట, బరోక్ కాలంలో, యూరప్ చర్చిల కోసం కట్టిన బృందగానం. భార్యాభర్తలిద్దరూ సంగారెడ్డి చర్చి పాటల బృందం, క్వాయర్‌లో పాడతారు. నాకైతే అందరూ ఒకేసారి మాట్లాడుతున్నట్టు వినిపించింది. అసలు పాట ఎవరిది అని అడిగాను.

"అందరిదీ అసలు పాటే మేడమ్. ముందుగాల లావు గొంతులోల్లు ఎత్తుకుంటరు. అదే వరస మేం టెనరోల్లం, సన్న గొంతు మొగోల్లం, అందుకుంటం. గప్పటికి ఆల్లు ఇంకోదిక్కు పోతరు. ఎనకంగ ఆడోల్లు, ఆల్లల్ల రెండు గొంతులు. నాలుగు గొంతులు ఉరుకుతనే ఉంటయి, ఎవ్వరు ఎవ్వల్ని తొక్కరు."

రెండోసారి వింటే తెలిసింది. ఆ గొంతుల కింద ఆర్గన్ వాద్యం ఆగకుండా అడుగులేస్తోంది. మాట ఒక్కటే, ఆమెన్. ఆ మొదటి 'ఆ' మీదే స్వరాలు దిగుతాయి, ఎక్కుతాయి, మెలికలు తిరుగుతాయి. 'మెన్' ఎప్పుడొస్తుందా అని వినేవాళ్లకే ఊపిరాడదు.

"గిదంత ఒక్క దమ్ముల పాడేటోన్ని," అన్నాడు. క్రిస్మస్‌కి క్వాయర్ ఈ పాటే పాడుతోందట. ఆవిరి పీల్చినప్పటి నుంచి అతను చర్చికి పోవడమే మానేశాడు.

ఆ రోజు నుంచి పాటే మా కసరత్తు, ముక్కలు ముక్కలుగా పాడించి దమ్ము పెంచడమే. దసరా నాటికి ఆయాసం లేకుండా నడుస్తున్నాడు. కానీ ఆ 'ఆ' మాత్రం సగంలోనే తెగిపోయేది. ఒకరోజు పంతం పట్టి పాడాడు. వేలికి తగిలించిన ఆక్సిమీటర్‌లో రక్తంలోని ఆక్సిజన్ పడిపోతోంది. ఆపమన్నా ఆపలేదు. దగ్గు అతన్ని రెండుగా వంచేసింది.

"ఇగ నాతోని కాదు," అని ఆక్సిమీటర్ పీకేశాడు.

అన్నాళ్లూ దాటేస్తూ వచ్చిన మాట చెప్పాల్సి వచ్చింది. "ఆ గట్టిపడ్డ భాగం మళ్లీ మెత్తబడదండీ. పాత దమ్ము రాదు."

అతను గోడవైపు తిరిగిపోయాడు. పక్కనే కూర్చున్న మార్తమ్మ అందుకుంది.

"మేమెవ్వరం ఒక్క దమ్ముల పాడం మేడమ్. ఒకరు గాలి తీసుకుంటుంటే పక్కోల్లు పాడుతుంటరు. ఇనేటోల్లకు తెల్వదు. గీయనే మొండికేసి ఒక్కడే గుంజుతుండె."

"నడుమల ఆగుడంటే దొంగతనం లెక్క," అన్నాడు తిరగకుండానే.

"అయితే ఇన్నేండ్ల సంది నేను దొంగనేనా?"

అతనికి నవ్వొచ్చింది, వెంటనే దగ్గూ వచ్చింది.

తర్వాతిసారి క్వాయర్‌లో తన పక్కన నిలబడి పాడే ఎలియాను వెంటబెట్టుకొచ్చాడు. జీవరత్నానికి ఊపిరి ఎక్కడ చాలదో నేను చెప్పాను. ఎవరు ఎక్కడ ఆగాలో వాళ్లిద్దరూ ఒప్పందానికి వచ్చారు.

క్రిస్మస్ రోజు చర్చికి వెళ్లాను. ఊపిరి కోసం అతని భుజాలు లేవడం చాలాసార్లు చూశాను. చెవికి మాత్రం ఎక్కడా తెంపు తెలియలేదు. స్వరం బాగా పైకెళ్లిన చోట నోరు మూసుకుని నిలబడిపోయాడు. చివరి 'మెన్' దగ్గర మళ్లీ కలిశాడు. అంతసేపూ పరుగెత్తిన నాలుగు గొంతులూ ఒక్కచోట స్థిమితపడ్డాయి.

బయట కలిసినప్పుడు, "మేడమ్, పక్కోల్లు పాడేది గియ్యాల్లనే ఇన్న," అన్నాడు.

ఊపిరి తక్కువైనవాళ్లకు ఎక్కడ ఆగాలో చెప్పడం మా చదువులో ఉంది. ఆగడానికి సిగ్గుపడకుండా చేయడం నేను మార్తమ్మ దగ్గర చూశాను. ఇప్పుడు అలాంటి పేషెంట్ ఎవరొచ్చినా, తమతో కలిసి ఉండేవాళ్లను కూడా తీసుకురమ్మని మొదటిరోజే అడుగుతున్నాను.